కాగితం వాళ్ల దగ్గర, ఊరు మన దగ్గర

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవారి వారసులు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ తెలుగునేలకు వస్తున్నారు. ఆ వెతుకులాట ఫలించాలంటే వాళ్ల ప్రయాణ ఏర్పాట్ల కన్నా మన సంసిద్ధతే ముఖ్యం.

డర్బన్ నుంచో, మారిషస్ నుంచో, ఫిజీ నుంచో ఒక కుటుంబం నెల రోజుల సెలవు పెట్టుకుని ఆంధ్రదేశానికి వస్తుంది. ఆ నెలలో మూడు పనులు అనుకుంటారు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న దూరపు చుట్టాలను పలకరించడం, తిరుపతి, సింహాచలం చూడటం, ముత్తాత పుట్టిన ఊరు కనుక్కోవడం. మొదటి రెండూ సాఫీగా జరిగిపోతాయి. మూడోదాని దగ్గర బండి ఆగిపోతుంది. నూట యాభై ఏళ్ల కిందటి మనిషికి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయిలే అని మనం సర్దిచెబుతాం. నిజానికి వాళ్ల చేతిలో ఉన్న ఆధారం మనలో చాలామంది దగ్గర లేనంత గట్టిది. అందులో ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ రాసి ఉంటాయి. ఆ పాత చిరునామాను ఇవాళ్టి పటంలో ఎక్కడ పెట్టాలో, ఆ ఊళ్లో ఎవరిని అడగాలో చెప్పగలిగింది మాత్రం ఇక్కడివాళ్లే. ఆ పని మనం చేసిపెట్టలేదు. కాబట్టి ఈ ప్రయాణాలు విఫలమవుతున్నాయంటే అందులో ఎక్కువ పాలు మనదేనని ఒప్పుకోవాలి.

ముందు వాళ్ల కాగితం సంగతి చూద్దాం. 1834 నుంచి దాదాపు 5 లక్షల మంది భారతీయ కూలీలు మారిషస్ చేరారు. వాళ్లు ఓడ దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 342 మందితో 1860 నవంబర్ 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. ఫిజీకి 1879, 1916 మధ్య 60 వేలకు పైగా వెళ్లారు. మద్రాసు ఓడలు అక్కడికి 1903 నుంచి మొదలయ్యాయి. తోటల యజమానికి కూలీని అప్పగించాలి, పారిపోతే పట్టుకోవాలి, గడువు తీరితే లెక్క తేల్చాలి. అందుకోసం ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, జిల్లా, తాలూకా, గ్రామం రాసుకున్నారు. మారిషస్‌లో 1860ల మధ్య నుంచి ఫొటోలు కూడా తీశారు. ఫిజీ వలస పత్రాల్లో, అంటే పాసుల్లో, దగ్గరి బంధువు ఎవరో రాసే గడి కూడా ఉంది. ఇప్పుడు ఆ దస్తావేజులు మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. నేటాల్ ఓడల జాబితాలను డర్బన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్‌కెక్కించారు. మనిషిని సరుకుగా చూసిన వ్యవస్థ తన అవసరం కోసం రాసుకున్న లెక్క ఇవాళ ఆ మనిషి వారసులకు పనికొస్తోంది.

ఇక మన వైపు చూద్దాం. పేరు కాగితానికెక్కాలంటే మన దగ్గర భూమి ఉండాలి, లేదా అధికారమో ఆదాయమో ఉండాలి. 19వ శతాబ్దం ఆరంభంలో కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతుల్లో (గ్రామ చరిత్రల్లో) గుళ్లు, జమీందార్లు, కరణాలు కనిపిస్తారు, పాలేర్లు అరుదు. 1860ల నాటి ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఉన్నవి ఇనాందార్ల వంశాలు. గయకు వెళ్లి పిండం పెట్టగలిగిన కుటుంబాల పేర్లు అక్కడి పండాల బహీల్లో (యాత్రికుల చిట్టాల్లో) ఉంటాయి. ఆ ఖర్చు భరించలేని కుటుంబాలవి ఉండవు. రెవెన్యూవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అని పిలిచే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరుంటుంది, అతని చేలో నాట్లు వేసినవాళ్ల పేర్లుండవు. పైగా ఉత్తరాంధ్ర చాలావరకు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేది. అలాంటి చాలా గ్రామాల్లో రైతుల వివరాలు సర్కారు పుస్తకాల్లోకి వచ్చింది 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. నోటి జ్ఞాపకమైనా లోతుగా ఉందా అంటే, అదీ లేదు. తద్దినంలో తలిచేది తండ్రి, తాత, ముత్తాత, ఈ మూడు తరాలే. 1880లో ఓడెక్కిన మనిషి ఇప్పటివాళ్లకు ఐదో తరమో ఆరో తరమో అవుతాడు. ఫలితంగా ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఊళ్లోనే ఉండిపోయిన కూలీ కుటుంబానికి 1880 నాటి తాత పేరు తెలియదు, అదే ఊరి నుంచి వెళ్లిపోయిన కూలీ పేరు తండ్రి పేరుతో సహా సముద్రం అవతల భద్రంగా ఉంది.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లల్లో గీసుకునే వంశవృక్షాలు కొడుకు నుంచి కొడుక్కి పోతాయి. కోడలు ఏ ఊరి ఆడపడుచో, ఆమె తండ్రి ఎవరో రాసినవి తక్కువ. ఒప్పంద కూలీల్లో ప్రతి 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్న నిబంధన ఉండేది. వెళ్లిన ప్రతి స్త్రీకీ సొంత సంఖ్య ఉంది, తండ్రి పేరుంది, పుట్టిన ఊరుంది. అందువల్ల నేటాల్‌లోని ఒక కుటుంబం ముత్తవ్వ వైపు నుంచి కూడా ఊరు వెతకగలదు. ఇక్కడి కుటుంబాల్లో చాలావాటికి ఆ అవకాశం లేదు.

కాగితం లేని వలస ఎలా ఉంటుందో చూడాలంటే బర్మా ఉంది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం (రంగూన్) వెళ్లిన వేలాది మంది కూలీలను కుదిర్చే మేస్త్రీల వెంట వెళ్లారు; మలయా తోటలకు వెళ్లినవారిలో చాలామంది అలాంటి కంగాణీల వెంట వెళ్లారు. నేటాల్ మాదిరి మనిషికొక వివరాల పత్రం వీళ్లకు లేదు. 1942లో జపాన్ దాడి నాడు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చినవారు, 1960లలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చినవారు ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఆ రాకడలకు గుర్తుగా మిగిలింది. వీళ్ల చరిత్ర అంతా పెద్దవాళ్ల నోట్లో ఉంది. ఆ పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు. నేటాల్ వలసలో కాగితం ఉండి జ్ఞాపకం తెగిపోయింది, బర్మా వలసలో జ్ఞాపకం ఉన్నా కాగితం లేదు. కుటుంబ చరిత్ర నిలవడానికి ఈ రెండూ కావాలి.

పటం మారింది, పేరు మిగిలింది

కాగితం ఉన్నా ఊరు ఎందుకు దొరకదు? మొదటి అడ్డంకి పటం. ఒక పాసులో ‘గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా’ అని ఉందనుకుందాం. వచ్చినవాళ్లు ఇంటర్నెట్‌లో గంజాం అని వెతికి ఒడిశాలోని ఛత్రపురం, బరంపురం చుట్టూ తిరుగుతారు. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం దక్షిణ భాగం విశాఖ జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. చిత్తూరు వైపు కథ వేరు: 1911కు ముందు చిత్తూరు, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఉత్తర ఆర్కాటు అన్న మాట చూసి తమ పూర్వీకులు తమిళులే అనుకోవడానికి, వేలూరు వెళ్లి వెతకడానికి ఆస్కారం ఎంతో ఉంది. వీటికి తోడు కొత్తవలస, రామాపురం, గొల్లపాలెం లాంటి పేర్లున్న ఊళ్లు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. శివారు పల్లెలకు గ్రామాల జాబితాలో చోటే ఉండదు. తెల్లదొర గుమాస్తా చెవికి తోచినట్టు రాసుకున్న ఊరి పేరు చూసి అది ఏ పల్లో పోల్చుకోవాలంటే ఆ ప్రాంతపు మనిషే కావాలి.

రెండో అడ్డంకి ఇంటిపేరు. పాసుల్లో సాధారణంగా ఇంటిపేరు రాయలేదు. తర్వాతి తరాల్లో తండ్రి పేరో, పట్టపు పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. అందుకే నేటాల్‌లో నాయుడు, రెడ్డి లెక్కకు మించి ఉన్నారు. అప్పల్‌సామి, అప్పల్‌రాజు ఇంటిపేర్లయ్యాయి. ఆ పేర్లు అక్కడివాళ్లకు చెప్పని సంగతి మనకు చెబుతాయి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఉత్తరాంధ్రవాళ్లే. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం చుట్టుపక్కల చూడాలి. కూర్మయ్య అంటే శ్రీకూర్మం గుర్తొస్తుంది. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన, కోటయ్య అంటే పల్నాడు అంచున కోటప్పకొండ. ఇవి రుజువులు కావు. వెతకాల్సిన చోటును కుదించే సూచనలు మాత్రమే. అయినా ఒకే పేరున్న నాలుగు ఊళ్లలో ముందు ఏ ఊరికి వెళ్లాలో తేల్చుకోవడానికి అవి చాలు. ఏ ఇలవేల్పు ఏ సీమలో ఉందో తెలిసిన పల్లెటూరి ముసలమ్మ ఈ విషయంలో ఏ కంప్యూటర్‌కూ తీసిపోదు.

గుళ్లూ గోపురాలూ చూడటం ఈ పనికి అడ్డని కొందరంటారు. చూసే చోట్లను సరిగ్గా ఎంచుకుంటే ఆ మాట నిలవదు. తాళ్లరేవు దగ్గరి కోరంగి ఇవాళ మడ అడవుల విహారస్థలం. 19వ శతాబ్దం మొదట్లో అది పెద్ద రేవు, ఓడలు కట్టిన చోటు. గోదావరి మేటలు, 1839 తుపాను కలిసి దాన్ని దెబ్బతీశాయి. తొలినాళ్లలో మారిషస్‌కు తెలుగు కూలీలు కదిలింది ఆ తీరం నుంచే. కళింగపట్నం, భీమునిపట్నం దీపస్తంభాలు, భీమిలి డచ్చి సమాధులు చూస్తే ఈ తీరం ఎంతకాలంగా సముద్రం వైపు తెరుచుకుని ఉందో అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నీళ్లు అందిన డెల్టాకూ, అందని మెరకకూ వలసలో తేడా ఎందుకు వచ్చిందో అక్కడ నిలబడితే బోధపడుతుంది. 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను, 1866 కరువు గంజాంను, 1876–78 నాటి ధాత కరువు రాయలసీమను తుడిచిపెట్టాయి. ఓడెక్కిన ఏడాదిని ఈ సంవత్సరాల పక్కన పెట్టి చూస్తే ముత్తాత ఎందుకు వెళ్లాడన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఊరు కచ్చితంగా తేలకపోయినా ఆ మేరకు ప్రయాణం వృథా కాదు.

ముందు అడగాలి, తర్వాత చూపాలి

ఊరు చేరాక ఉండే ప్రమాదం మన మర్యాద. దూరం నుంచి వచ్చిన మనిషి ‘మా ముత్తాత ఫలానా అప్పన్న, మీకు తెలుసా’ అని అడిగితే, నొప్పించడం ఇష్టం లేక ఊరంతా తెలుసనే అంటుంది. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు బంధువులు బయటపడతారు, దండలు, ఫొటోలు అయిపోతాయి. అది ఆప్యాయతే గానీ చరిత్ర కాదు. సరైన పద్ధతి వేరే ఉంది. కాగితం సంచిలోనే ఉంచి, ఈ ఊరి నుంచి పూర్వం సముద్రం దాటి వెళ్లినవాళ్లున్నారని ఎవరైనా చెప్పుకొనేవారా, ఏ వీధివాళ్లు, అన్నదమ్ముల్లో ఎవరు మిగిలారు, ఉత్తరాలు గానీ డబ్బు గానీ వచ్చేవా అని ముందుగా అడగాలి. చెప్పింది రాసుకున్నాక పాసుతో పోల్చాలి. ఊరి పేరు, తండ్రి పేరు, వాళ్లంతట వాళ్లు చెప్పిన మరో వివరం, ఈ మూడూ కలిస్తే నమ్మవచ్చు. రెండే కలిస్తే ‘కావచ్చు’ అని రాసుకోవాలి. క్రైస్తవ కుటుంబాలకు మరో దారి ఉంది. నేటాల్‌లోని తెలుగు బాప్టిస్టుల మధ్య పనిచేయడానికి 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి రెవరెండ్ జాన్ రంగయ్య వెళ్లారు. ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాలే ఆయన్ను పంపాయి. అలాంటి కుటుంబాలు అక్కడి, ఇక్కడి చర్చి పుస్తకాలను పోల్చి చూడవచ్చు. ఇవన్నీ మూడు రోజుల ప్యాకేజీ టూరులో తేలే పనులు కావు. నాలుగు ఊళ్లు తిరగాలి, వెళ్లిన ఊరికే మళ్లీ వెళ్లాలి. ఈ ప్రయాణం తీరిగ్గా సాగాలని చెప్పేది అందుకే.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. ఐదు తరాల తర్వాత ఇంకేం చుట్టరికం అన్నది మొదటిది. నిజమే, ఆ దూరంలో పెళ్లికీ చావుకీ పిలుచుకునే బంధుత్వం మిగలదు. కానీ వాళ్లలో ఎక్కువమంది వెతికేది ఒక చోటు కోసం. ఊరు తేలితే చాలు, బంధువు దొరికితే అదనం. దీనికి ఒక చట్టపరమైన ప్రయోజనం కూడా ఉంది. విదేశీ భారతీయ పౌరుడి కార్డు (ఓసీఐ) సాధారణంగా నాలుగో తరం దాకానే. మారిషస్‌వాసులకు ప్రత్యేకంగా ఏడో తరం దాకా ఇవ్వనున్నట్టు 2024లో భారత్ ప్రకటించింది. పూర్వీకుల మూలం రుజువయ్యే పత్రాలకు ఇప్పుడు విలువ పెరిగింది.

కులం సంగతి ఇంతకన్నా బరువైన అభ్యంతరం. పాసులో కులం గడి ఉంది. వంశం వెతుకులాట చివరకు కులగర్వానికే దారితీస్తుందని భయపడేవాళ్లకు ఆధారాలు లేకపోలేదు. కానీ ఆ పత్రాలను శ్రద్ధగా చదివితే గర్వపడటానికి పెద్దగా ఏమీ మిగలదు. గుమాస్తా తనకు తెలిసిన పదాల్లో తోచింది రాసుకున్నాడు. ఓడెక్కేటప్పుడు కులం మార్చి చెప్పుకున్నవారున్నారు. ఓడలో ఒకే చోట వండింది కలిసి తిన్నారు. తోటల్లో కులాల మధ్య పెళ్లిళ్లు జరిగాయి. అక్కడ నాయుడు అన్న ఇంటిపేరు చూసి ఇక్కడి కులాన్ని నిర్ధారించడం కుదరదు. ఇంకోవైపు, ఊళ్లో ఏ వీధికి వెళ్లి అడగాలో తేల్చుకోవడానికి ఆ గడి అక్కరకొస్తుందన్నదీ వాస్తవమే. దాన్ని వెతకడానికి సూచనగా వాడాలి, దొరికాక బిరుదుగా మోయకూడదు. వెట్టి నుంచో, అంటరానితనం నుంచో తప్పించుకోవడానికి ఓడెక్కినవాళ్ల వారసులకు ఆ నిజం కూడా దాచకుండా చెప్పాలి.

ఊళ్లో ఎవరూ పైకి అనని భయం మరొకటుంది: భూమి వాటా అడుగుతారేమోనని. వెళ్లినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. భూమి ఉన్నా, స్వాధీనం కోసం దావా వేయడానికి సాధారణ గడువు 12 ఏళ్లే. నూరేళ్లు దాటిన హక్కు కోర్టులో నిలవడం దాదాపు అసాధ్యం. అయినా భయం భయమే కాబట్టి, వచ్చినవాళ్లు అడంగల్ లాంటి భూమి రికార్డులతో మాట మొదలుపెట్టకపోవడం మంచిది. ఇంత శ్రమ ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుందిగా అనేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్ష విశాల ప్రాంతాన్ని సూచిస్తుంది. దగ్గరివాళ్లను చూపాలంటే వాళ్లూ పరీక్ష చేయించుకుని ఉండాలి. పల్లెల్లో అలాంటివాళ్లు బహు అరుదు. నెత్తురు బొట్టు ఊరి పేరు చెప్పదు.

ఇక్కడి పిల్లలకే తాత ఊరు తెలియదు, ముందు అది చూసుకోండి అన్నది చివరి అభ్యంతరం. అది ఈ వాదనకు బలమే. విదేశాల నుంచి వచ్చేవాళ్ల కోసం చేసే పని మనకూ పనికొస్తుంది. ప్రతి గ్రామ సచివాలయం ముందు ఊరి పాత తాలూకా, పాత జిల్లా, పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్, శివారు పల్లెల పేర్లు ఒక బోర్డు మీద రాయడానికి పెద్ద ఖర్చు కాదు. నేటాల్, ఫిజీ, మారిషస్ జాబితాల్లోని తెలుగు జిల్లాలవారి పేర్లను గ్రామాల వారీగా విడదీసి ప్రచురించడం మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు చేయగల పని. పాత రెవెన్యూ పుస్తకాలు చెదపట్టకముందే స్కాన్ చేసి తెరిచి ఉంచాలి. పర్యాటక శాఖ కోరంగి, కళింగపట్నం, భీమిలిలను వలస చరిత్ర చెప్పే ఒకే యాత్రామార్గంగా కలపవచ్చు.

ఇవి ప్రభుత్వాల పనులు. ఇంట్లో చేసేది ఇంకా తేలిక. ఈసారి సెలవుల్లో సొంతూరు వెళ్లినప్పుడు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక పేజీ రాసుకోండి. ఇంటిపేరు, ఇలవేల్పు, తెలిసినంత దూరం తాతల పేర్లు, ఆ ఇంటికి వచ్చిన కోడళ్ల పుట్టిళ్లు, ఊరు విడిచిపోయినవాళ్లు ఎటు వెళ్లారన్నది రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేసి దాని కాపీ ఒకటి ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో ఇవ్వండి. చెప్పగల మనిషి ఉన్నప్పుడే ఈ పని చేయాలి, తర్వాత ఎంత డబ్బు పెట్టినా చేయలేం.